పరదేశంలో స్వగృహం - చదవని బీమా పత్రం

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఆ మాట పుట్టిన కాలంలో ఇల్లు అంటే సొంత ఊరిలోనో, పొరుగూరిలోనో కట్టుకొనేది. మేస్త్రీ తెలిసినవాడు, కలప అమ్మినవాడు తెలిసినవాడు, సరిహద్దు గోడ విషయంలో తగవు వస్తే తీర్చే పెద్దమనిషి కూడా తెలిసినవాడే. నేడు పరిస్థితి మారినది. హైదరాబాదు పాతబస్తీ నుండి, కరీంనగర్, నిజామాబాదు, కడప జిల్లాల నుండి జీవనోపాధికై గల్ఫు దేశాలకు వెళ్ళినవారిలో కొందరు, ఉన్నత విద్యకై అమెరికా, ఇంగ్లండులకు వెళ్ళి అక్కడే స్థిరపడినవారిలో చాలామంది ఆయా దేశాలలో ఇళ్ళు, ఫ్లాట్లు కొంటున్నారు. బిడ్డలు అక్కడ ఇల్లు కొంటున్నారంటే ఇక్కడి తల్లిదండ్రులు తమ చేతిలోని నాలుగు రూకలు కూడా అందులో కలుపుతున్నారు.

కొనేముందు మనవారు ధర అడుగుతారు. బ్యాంకు వాయిదా ఎంతని అడుగుతారు. బడి, బజారు, ప్రార్థనా స్థలం ఎంత దూరమని అడుగుతారు. బీమా పత్రంలో ఏమి వ్రాసి ఉన్నదని మాత్రం అడగరు. చూపిన చోట సంతకం చేసి, ఆ కాగితాలను పెట్టెలో భద్రపరచి నిశ్చింతగా ఉంటారు. ఈ అలవాటు మారవలెననియు, ఆ మార్పుకు మన కళాశాల వంటి విద్యాసంస్థలే పూనుకొనవలెననియు మా అభిప్రాయం. దానికి కారణాలను విద్యార్థుల ముందు, కళాశాల కార్యవర్గం ముందు ఉంచదలచినాము.

విదేశాలలో ఆస్తి కొనడం ఒకప్పుడు సామాన్యుని ఊహకు అందని విషయం. 1999లో రూపొంది 2000 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం, పరదేశ నివాసకాలంలో ఆర్జించిన ఆస్తిని స్వదేశానికి తిరిగి వచ్చిన తరువాత కూడా ఉంచుకొనే వీలు కల్పించినది. 2004 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ప్రవేశపెట్టిన పథకం మేరకు ఇక్కడి నివాసులు కూడా విదేశాలకు పైకం పంపి అక్కడ స్థిరాస్తి కొనవచ్చును. ఆనాడు సంవత్సరానికి 25,000 డాలర్లుగా ఉన్న పరిమితి నేడు 2,50,000 డాలర్లకు పెరిగినది. అటు దుబాయి ప్రభుత్వం 2002లో విదేశీయులకు గృహ యాజమాన్యాన్ని అనుమతించి, 2006లో చేసిన 7వ నంబరు చట్టం ద్వారా దానికి స్థిరమైన రూపం ఇచ్చినది. ఈ విధంగా కొనుగోలు మార్గం సుగమమైనది. కొన్నదానిని కాపాడుకొనే విద్య మాత్రం మనకు ఇంకా అలవడలేదు.

"బీమా" అనే మాటను ఒకసారి గమనించండి. అది పారసీకం నుండి ఉర్దూలోనికి, ఉర్దూ నుండి తెలుగులోనికి వచ్చి స్థిరపడినది. దస్తావేజు, షరతు, జామీను, రసీదు, కిరాయి వంటి మాటలు కూడా అట్టివే. మన పత్రిక రెండు భాషలలో వెలువడుతున్నది గాని, ఒప్పందాల విషయంలో ఆ రెండు భాషల పలుకుబడి చాలావరకు ఒక్కటే. మాట మన ఇంటిదైనా దాని వెనుక ఉన్న శాస్త్రం మనకు దూరంగానే ఉండిపోయినది. 1666లో లండను నగరంలో చెలరేగిన మహాగ్నికి సుమారు 13,200 ఇళ్ళు ఆహుతి అయినవి. ఆ అనుభవం నుండే, పదిహేనేళ్ళు తిరగకుండా, నికొలస్ బార్బన్ అనే వ్యక్తి చొరవతో ఆ నగరంలో ఇళ్ళకు అగ్ని బీమా మొదలైనది. పలువురు కొద్దికొద్దిగా వేసిన సొమ్ముతో ఆపద వచ్చిన ఒకరి నష్టాన్ని తీర్చడం దాని సూత్రం. అయితే ఏ ఆపద, ఎంత నష్టం, ఏ షరతుపై అన్నది పత్రంలో వ్రాసిన మేరకే వర్తిస్తుంది. బీమా అంటే సర్వరక్షణ కాదు. అది ఒక ఒప్పందం. ఇక్కడి నుండే మన పొరపాట్లు మొదలవుతున్నవి.

మొదటి పొరపాటు, ఒక దేశపు అనుభవాన్ని మరొక దేశానికి వర్తింపజేయడం. మన దేశంలో 2021 ఏప్రిల్ 1 నుండి "భారత్ గృహ రక్ష" పేరుతో ఒక ప్రామాణిక పాలసీ అమలులో ఉన్నది. అగ్ని ప్రమాదంతో పాటు వరద, తుఫాను, భూకంపం కూడా అందులో చేరి ఉన్నవి. దీనికి అలవాటుపడిన మనిషి అమెరికాలో ఇల్లు కొని, అక్కడి పాలసీలో కూడా ఇవన్నీ ఉంటవని భావించడం సహజం. కాని అక్కడి సాధారణ గృహబీమాలో వరదనీటి నష్టం చేరదు. 1968 నాటి చట్టం ద్వారా ఏర్పడిన జాతీయ వరద బీమా పథకం క్రింద గాని, ప్రత్యేక ప్రైవేటు పాలసీ ద్వారా గాని దానిని వేరుగా కొనుక్కొనవలెను. ఆ ప్రభుత్వ పథకంలో ఇంటి కట్టడానికి గరిష్ఠ పరిమితి 2,50,000 డాలర్లు, లోపలి సామానుకు 1,00,000 డాలర్లు. పైగా సాధారణంగా కొన్న 30 రోజుల తరువాతనే అది అమలులోకి వస్తుంది. ఆకాశంలో మబ్బు చూసి గొడుగు కొనవచ్చును గాని, వరద బీమా కొనలేము. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు, నీట మునిగిన ఇళ్ళలో అధికభాగానికి వరద బీమా లేదు. మనవారు గణనీయంగా నివసించే నగరం అది. కాలిఫోర్నియాలో భూకంపం సంగతి కూడా ఇంతే; దానికి వేరే బీమా ఉండవలెను. తీర ప్రాంతాలలో మరొక షరతు తరచుగా కనిపిస్తుంది. పెనుతుఫాను నష్టంలో యజమాని భరించవలసిన మొదటి భాగాన్ని బీమా మొత్తంలో నూటికి ఇంత అని నిర్ణయిస్తారు. 4,00,000 డాలర్ల బీమాలో అది నూటికి రెండైతే, మొదటి 8,000 డాలర్లు యజమానివే. ఆ రెండు అనే అంకెను కొన్ననాడు చదివినవారెందరు?

రెండవ పొరపాటు, భవనానికి ఉన్న బీమాను తన ఇంటికి ఉన్న బీమాగా తలచడం. దుబాయిలో ఫ్లాటు కొన్నవాడు యేటా నిర్వహణ రుసుము చెల్లిస్తాడు. ఉమ్మడి భవనానికి బీమా చేయించే బాధ్యత నిర్వహణ సంస్థపై ఉంటుంది. 2019లో చేసిన 6వ నంబరు చట్టం ఈ ఉమ్మడి యాజమాన్య విషయాలను క్రమబద్ధం చేసినది. ఆ బీమా గోడలకు, కప్పుకు, మెట్లకు, లిఫ్టులకు సంబంధించినది. ఫ్లాటులోని మంచాలు, యంత్రాలు, బట్టలు, నగలు అందులోకి రావు. మన కుళాయి గొట్టం పగిలి క్రింది అంతస్తువారి ఇల్లు తడిస్తే, వారు అడిగే పరిహారానికి కూడా అది సమాధానం కాకపోవచ్చును. వాటికై సొంతంగా మరొక పాలసీ తీసుకొనవలెను. ఎడారిలో వరద ఏమిటని నవ్వుకొనే రోజులు కూడా పోయినవి. 2024 ఏప్రిల్ 16న సంయుక్త అరబ్ ఎమిరేట్స్‌లో కురిసిన వాన, 1949లో వర్షపాత లెక్కలు ప్రారంభమైన నాటి నుండి ఎన్నడూ ఎరుగనిది. అల్ ఐన్ ప్రాంతంలో ఒక్క దినంలోపుననే 254.8 మిల్లీమీటర్లు నమోదైనది. దుబాయిలో వీధులు కాలువలై, వాహనాలు మునిగి, అనేక ఇళ్ళలోనికి నీరు చేరినది. 1908 నాటి మూసీ వరదను తాతల నోట విన్న హైదరాబాదీయులకు ఆ దృశ్యం కొత్తది కాదు. అది దుబాయిలో కనిపించడమే కొత్త.

మూడవ పొరపాటు కాలానికి సంబంధించినది. మన దేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం యాజమాన్యం కొనుగోలుదారునికి సంక్రమించిన తరువాతనే ఆస్తి నష్టభారం అతనిపై పడుతుంది. ఇంగ్లండులో వాడుకలో ఉన్న ప్రామాణిక విక్రయ షరతుల ప్రకారం మాత్రం ఇరుపక్షాలు ఒప్పంద పత్రాలు మార్చుకొన్న నాటి నుండే ఆ భారం కొనుగోలుదారునిది. తాళంచెవి చేతికి రావడానికి ఇంకా కొన్ని వారాలు పట్టవచ్చును. ఈ నడుమ ఇల్లు తగులబడినా అతడు ఒప్పుకొన్న ధర చెల్లించవలసినదే. కావున అక్కడ గృహప్రవేశం నాడు కాదు, ఒప్పందం నాడే కట్టడానికి బీమా ఉండవలెను. ఈ ఒక్క సంగతి తెలియక జీవితకాలపు కష్టార్జితాన్ని అపాయంలో పెట్టడం ఎంత విచారకరం!

నాలుగవ పొరపాటు మొత్తం విషయంలో. ఇల్లు ఎంతకు కొన్నామో అంతకు బీమా చేయవలెనని కొందరు, ప్రీమియం తగ్గించుకొనుటకు సగానికి చేస్తే చాలునని మరికొందరు అనుకొంటారు. రెండూ సరి కావు. ఇంటి ధరలో నేల విలువ కలిసి ఉంటుంది. నేల కాలిపోదు. బీమా చేయవలసినది ఆ ఇంటిని తిరిగి కట్టుటకు అయ్యే ఖర్చుకు. అంతకు తక్కువ చేసినప్పుడు ఏమి జరుగునో ఒక లెక్క చూడండి. తిరిగి కట్టుటకు 4 లక్షలు కాగల ఇంటిని యజమాని 2 లక్షలకే బీమా చేసినాడు. వంటగదిలో నిప్పంటుకొని 1 లక్ష నష్టం కలిగినది. 2 లక్షల పాలసీ ఉన్నది గనుక లక్ష పూర్తిగా వస్తుందని అతని ఆశ. కాని తక్కువ బీమాకు తగ్గట్టు పరిహారం తగ్గించే షరతు ఆ పత్రంలో ఉంటే, బీమా సగమే గనుక పరిహారం కూడా సగమే, అనగా 50,000 మాత్రమే వస్తుంది. మన గృహ రక్ష పాలసీలో ఈ కోత నుండి మినహాయింపు ఉన్నది. విదేశాలలో ఆ మినహాయింపు ఉండునని తలచరాదు.

అయిదవది అన్నింటికన్న ముఖ్యం, దూరాన ఉన్న యజమానులకు మరీ ముఖ్యం. పరదేశపు ఇంటికి తాళం వేసి సెలవులలో స్వదేశం రావడం, పెళ్ళికో ప్రసవానికో వచ్చి నాలుగు నెలలు నిలిచిపోవడం మన కుటుంబాలలో సర్వసాధారణం. అనేక పాలసీలలో ఇల్లు వరుసగా 30 లేక 60 రోజులు ఖాళీగా ఉంటే దొంగతనం, దుండగుల విధ్వంసం, నీటి గొట్టాల పగులు వంటి నష్టాలకు రక్షణ తగ్గిపోతుంది, లేదా ఆగిపోతుంది. అట్లే, తాను నివసిస్తానని చెప్పి తీసుకొన్న పాలసీ, ఇంటిని కిరాయికి ఇచ్చిన తరువాత అక్కరకు రాకపోవచ్చును. కిరాయి ఇళ్ళకు వేరు పాలసీలున్నవి. దరఖాస్తులో అడిగిన ప్రశ్నలకు ఏజెంటు వ్రాసిన జవాబుల క్రింద చదవకుండా సంతకం చేస్తే, ఆ జవాబులు మనవే అవుతవి. క్లెయిమ్ నాడు వాటిలో అసత్యం బయటపడితే కట్టిన ప్రీమియం అంతయు వ్యర్థం కావచ్చును. అప్పు ఇచ్చిన బ్యాంకు బీమా చేయించినది గదా అని ధైర్యపడుట కూడా తగదు. బ్యాంకు చూచుకొనేది తన అప్పుకు భద్రత. మన వస్తువుల సంగతి, మన నిద్ర సంగతి దానికి పట్టవు.

ఇక మా పాఠకులలో అనేకుల మనస్సులో ఉండే ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు. బీమా ధర్మసమ్మతమా అన్నది ఆ ప్రశ్న. 1985 డిసెంబరులో జెద్దాలో సమావేశమైన ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ, స్థిర ప్రీమియంతో కూడిన వాణిజ్య బీమాలో అనిశ్చితి అధికమైనందున అది షరీఅత్‌కు విరుద్ధమని, పరస్పర సహకారంపై ఆధారపడిన బీమా దానికి ప్రత్యామ్నాయమని తీర్మానించినది. అప్పటికే 1979లో సూడానులోను, దుబాయిలోను ఇట్టి సంస్థలు వెలసినవి. 1984లో మలేషియా దీనికై ప్రత్యేక చట్టం చేసినది. సభ్యులు తమ చందాను పరస్పర సహాయార్థం దానంగా సమర్పించడం, సంస్థ ఆ నిధికి నిర్వాహకునిగా మాత్రమే వ్యవహరించడం ఈ తకాఫుల్ పద్ధతిలోని సారం. గల్ఫు దేశాలలో ఇల్లు కొన్నవారికి అట్టి గృహ పాలసీ దొరకడం కష్టం కాదు. ఏది గ్రహించవలెనో, ఏది విడువవలెనో ఎవరి అంతరాత్మకు, ఎవరి ఉలేమాకు వారు నివేదించుకొందురు గాక. అందులో తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. మేము చెప్పదలచినది రెండు మాటలు. నిషిద్ధమన్న భయంతో విచారణే మానుకొని, ఉన్న ధర్మమార్గాన్ని కూడా తెలుసుకొనకపోవడం భక్తి కాదు, అశ్రద్ధ. ఒంటెను కట్టివేసిన పిదపనే దైవంపై భారం వేయవలెనన్న బోధ మన సంప్రదాయంలోనే ఉన్నది. రెండవది, తకాఫుల్ అన్న పేరు చూచి చదవడం మానరాదు. మినహాయింపులు, గడువులు, పరిమితులు ఆ పత్రంలో కూడా ఉంటవి.

ఇదంతయు ధనికుల గొడవ, విద్యార్థుల సంచికలో ఎందుకని కొందరు అడుగవచ్చును. మా సమాధానం ఇది. పరదేశంలో ఇల్లు కొన్న ప్రతివాడూ ధనికుడు కాడు. ఇరవై ఏళ్ళు ఎండలో పనిచేసి కూడబెట్టిన దానికి అప్పు జోడించి రెండు గదుల ఫ్లాటు కొన్నవాడు కూడా ఉన్నాడు. అతని వెనుక మరొక ఆస్తి లేదు. అది పోతే చెల్లెలి పెళ్ళి ఆగుతుంది, తమ్ముని చదువు ఆగుతుంది. ఆ తమ్ముడు మన తరగతి గదిలోనే కూర్చొని ఉండవచ్చును. ఆంగ్లంలో వచ్చిన ఏ కాగితాన్నయినా "చదివి చెప్పు నాయనా" అని తండ్రి అందించేది అతనికే. అరవై పుటల పత్రాన్ని తిరగవేసి "అంతా బాగానే ఉంది నాన్నా" అని అతడు తిరిగి ఇచ్చివేస్తే, ఆ తప్పు అతనిది మాత్రమే కాదు. పద్యానికి ప్రతిపదార్థం చెప్పడం నేర్పి, ఒప్పందానికి తాత్పర్యం చెప్పడం నేర్పని మన చదువుది కూడా.

కావున కళాశాల కార్యవర్గానికి మా విన్నపం మూడు అంశాలు. ప్రతి విద్యాసంవత్సరంలో వాణిజ్యశాస్త్ర విభాగం ఆధ్వర్యాన, అన్ని శాఖల విద్యార్థులకు పది గంటల పత్రపఠన తరగతి నిర్వహించవలెను. అందులో గృహబీమా నమూనా పత్రాలను, ఇక్కడివి, గల్ఫువి, ఇంగ్లండు, అమెరికాలవి, ఎదుట పెట్టుకొని చదివించవలెను. ముందుగా మినహాయింపుల భాగం, తరువాత షరతులు, చివరకు వాగ్దానాలు చదివే అలవాటు చేయించవలెను. మనం సాధారణంగా చదివేది వాగ్దానాలను మాత్రమే. రెండవది, బీమాకు, అప్పుకు, క్రయవిక్రయాలకు సంబంధించిన ఒక వంద మాటలకు తెలుగులోను, ఉర్దూలోను తేట వివరణలతో చిన్న పుస్తకం మన ఉభయ భాషాశాఖలు కలిసి సిద్ధం చేయవలెను. మూడవది, నెలకొక శనివారం మధ్యాహ్నం ఒక గదిని తెరచి ఉంచి, విద్యార్థుల తల్లిదండ్రులు తెచ్చుకొన్న కాగితాలను అధ్యాపకుల పర్యవేక్షణలో చదివి అర్థం చెప్పవలెను. సలహా ఇచ్చుట న్యాయవాదుల పని. చదివి వినిపించుట మన పని. వీటికి కావలసినది ఒక గది, కొందరు అధ్యాపకుల తీరిక, కొంత సంకల్పం. భవననిధికి చందా ఎత్తనక్కరలేదు.

విద్యార్థి మిత్రులారా, ఈ తరగతి ఏర్పడువరకు ఆగనక్కరలేదు. మీ కుటుంబంలో ఎవరైనా విదేశంలో ఇల్లు కొని ఉంటే, ఈ సెలవులలో ఆ పత్రం ప్రతిని తెప్పించుకొనండి. అందులో చేరని ఆపదలేవి, భవనానికేనా సామానుకు కూడానా, ఏ తేదీ నుండి, తిరిగి కట్టుటకు ఆ మొత్తం చాలునా, ఇల్లు ఖాళీగా ఉంటే ఏమగును - ఈ అయిదు ప్రశ్నలకు సమాధానాలు ఒక తెల్లకాగితంపై మాతృభాషలో వ్రాసి ఇంటిలో పెద్దలకు చదివి వినిపించండి. ఏ ప్రశ్నకైనా సమాధానం దొరకకపోతే ఆ సంస్థకు లిఖితపూర్వకంగా వ్రాసి, వారి జవాబును భద్రపరచండి. నోటిమాటకు క్లెయిమ్ నాడు విలువ లేదు.

ఇల్లు కట్టి చూడుమన్న పెద్దలు ఆ ఇంటి కాగితం చదివి చూడుమని చెప్పలేదు. వారి కాలంలో ఆ అవసరం అంతగా లేదు. ఆ మాటను వారి సామెతకు చేర్చవలసిన బాధ్యత చదువుకొన్న మనది. వచ్చే సంచిక వెలువడే నాటికి కనీసం మొదటి తరగతి అయినా ప్రారంభమై, దాని వివరాలు ఈ పుటలలోనే ఉభయ భాషలలోను ప్రకటించే అవకాశం మాకు కలుగవలెనని ఆశిస్తున్నాము.